అప్‌డేట్: కీళ్లవాతంతో దిగులు పడకుండా ఎలా ఉండాలని అడిగాను కదా

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వల్ల పొద్దున్నే వేళ్లు ముడుచుకోవట్లేదు, నీరసంగా ఉంటోంది, మనసూ దిగాలుగా ఉంటోంది, ధైర్యంగా ఎలా ఉండాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"దిగులు సంగతి కూడా రుమటాలజిస్టుకే (కీళ్లవాతం డాక్టరుకే) చెప్పండి" అన్న సలహా పనిచేసింది. ఆవిడ రక్తపరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ తక్కువ, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపించేది) ఎక్కువ. అంటే ఆ నీరసం నా మనసు బలహీనత కాదు, వాపు ఇంకా అదుపులోకి రాలేదు. ఆ మాట వినగానే సగం బరువు దిగింది. కీళ్లవాతానికి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు డోసు పెంచారు (వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు, దయచేసి గుర్తుపెట్టుకోండి).

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు, ఉచితం. కొందరు చెప్పినట్టు టమాటా, వంకాయ మానేస్తే నాకేం తేడా రాలేదు, మళ్లీ తింటున్నాను. "ఎప్పుడూ నవ్వుతూ ఉండు" అన్నదీ పనికిరాలేదు. నొప్పి ఉన్నా, రోజూ ఇష్టమైన పని ఒకటి ముందే ఎంచుకోవడం మాత్రం పనికొచ్చింది. పూలు కట్టడం మళ్లీ మొదలుపెట్టాను.