అమ్మానాన్నలతో వేగస్, జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్: అద్దె కారులో 5 రోజులు. మా ప్లాన్ చూసి చెప్పండి

తెనాలి_డాలస్
అందరికీ నమస్కారం. అమ్మానాన్న మార్చిలో తెనాలి నుంచి వచ్చారు. ఇప్పటిదాకా ఇల్లు, గుడి, కాస్ట్‌కో తప్ప ఏమీ చూపించలేదని నాకు లోపల బాధగానే ఉంది. మే మూడో వారంలో 5 రోజులు సెలవు దొరికింది. నాన్నకి 68, బీపీ మాత్ర వేసుకుంటారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, చదునుగా ఉంటే అరగంట నడుస్తుంది. మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, నేను. మొత్తం ఐదుగురం.

మొదటి రోజు పొద్దున వేగస్‌లో దిగి కారు తీసుకుని, యూటాలోని జయాన్ నేషనల్ పార్కు చూసి, రాత్రికి ఇంకో పార్కు బ్రైస్ చేరాలని. రెండో రోజు బ్రైస్ చూసి రాత్రికి అరిజోనాలోని పేజ్ అనే ఊరు. మూడో రోజు యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ, హార్స్‌షూ బెండ్ అనే నది మలుపు, సాయంత్రానికి మాన్యుమెంట్ వ్యాలీ. నాలుగో రోజు గ్రాండ్ కాన్యన్. ఐదో రోజు హూవర్ డ్యామ్ చూసుకుని రాత్రి ఫ్లైట్. గూగుల్‌లో ఏ రోజూ ఐదు గంటలకి మించి డ్రైవింగ్ లేదు. ఇది కుదురుతుందా? మినీవ్యాన్ తీసుకోవాలా, ఎస్‌యూవీ చాలా? ఇన్సూరెన్స్ క్రెడిట్ కార్డుది సరిపోతుందా? నాన్న కూడా కాసేపు నడుపుతానంటున్నారు, ఆయన దగ్గర ఆంధ్రా లైసెన్సు ఉంది.

గోదారి_గట్టు
తెనాలి గారూ, మేం పోయిన అక్టోబర్లో సరిగ్గా ఇదే చుట్టు, ఇదే వయసు పెద్దవాళ్ళతో తిరిగొచ్చాం. మనసులో మాట చెప్తాను, మొదటి రోజే మీ ప్లాన్ తప్పుతుంది.

వేగస్ నుంచి జయాన్ 160 మైళ్ళు, గూగుల్ రెండు గంటల నలభై ఐదు నిమిషాలు అంటుంది. మాకు విమానం దిగిన దగ్గర్నుంచి ఆరు గంటలు పట్టింది. అక్కడ అద్దె కార్లు టెర్మినల్ దగ్గర ఉండవు, షటిల్ బస్సెక్కి రెంటల్ సెంటర్‌కి వెళ్ళాలి. సామాను, క్యూ, సంతకాలు, పాప సీటు బిగించుకోవడం, అన్నీ కలిపి గంటన్నర. మెస్కీట్‌లో బాత్రూమ్, కాఫీ. సెయింట్ జార్జ్‌లో భోజనం. పైగా యూటా టైము వేగస్ కంటే ఒక గంట ముందుంటుంది, ఆ గంట చేతిలోంచి పోయినట్టే. జయాన్ గేటు దగ్గరి ఊరు స్ప్రింగ్‌డేల్ చేరేసరికి మా మామగారు సీట్లోనే నిద్రపోయారు. ఆ పూట ఆయన్ని లేపి జయాన్ చూపించి, మళ్ళీ బ్రైస్ దాకా ఇంకో రెండు గంటలు చీకట్లో నడపడం న్యాయం కాదనిపించింది. అదృష్టం బాగుండి హోటల్ అక్కడే దొరికింది. ఆ దారిలో చీకటి పడితే జింకలు రోడ్డు మీదకి వచ్చేస్తాయి, అది ఇంకో భయం.

జయాన్‌లో ఇంకో సంగతి. మార్చి నుంచి నవంబర్ దాకా లోయ లోపలి రోడ్డు మీదకి సొంత కార్లని రానివ్వరు, షటిల్ బస్సులోనే వెళ్ళాలి. విజిటర్ సెంటర్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. అందుకని రాత్రి స్ప్రింగ్‌డేల్‌లో ఉండి, పొద్దున ఏడింటికల్లా వెళ్ళిపోండి. షటిల్ చివరి స్టాప్‌లో రివర్‌సైడ్ వాక్ అని నది పక్కన నడిచే బాట ఉంది, అమ్మగారు నడవగలిగినంత నడిచి వెనక్కి రావచ్చు.

నా సలహా, మాన్యుమెంట్ వ్యాలీ తీసేయండి. ఫ్లైటు వీలైతే ఆరో రోజు పొద్దుటికి మార్చుకోండి. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) నుంచి వేగస్ 280 మైళ్ళు, ఆ రోజు హూవర్ డ్యామ్ కూడా పెట్టుకుని రాత్రి విమానం అంటే దారి పొడుగునా గడియారం చూసుకుంటూ నడపాలి.

కరీంనగర్_పోరడు
అన్నా, గట్టు అన్న చెప్పింది కరెక్టే. నేను ఇన్సూరెన్సు, ఫోన్ మ్యాపు, ఈ రెండు ముచ్చట్లు చెప్త.

మేం ఐ-15 మీద పోతుంటే ముంగట ట్రక్కు కెల్లి రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. పావలా బిళ్ళంత మచ్చ. తెల్లారేసరికి అది జానెడు గీత అయింది. కారు వాపస్ ఇచ్చిన మూడు వారాలకు కంపెనీ కెల్లి లెటర్ వచ్చింది. అద్దం పైసలు, దాని మీద కారు షాపుల ఉన్న రోజుల కిరాయి, ఇంకా పేపర్ల ఖర్చు. నేను కిరాయి మొత్తం ఒక్క క్రెడిట్ కార్డు మీదనే కట్టిన, కౌంటర్ కాడ కంపెనీ వాళ్ల డ్యామేజ్ వేవర్ (కారు పాడైతే మనల్ని పైసలు అడగమనే కవర్) వద్దన్న. అందుకనే కార్డు కవరేజ్ పనికొచ్చింది. కంపెనీ వేవర్ తీసుకుంటే కార్డుది చెల్లది, ఇది యాదిలో పెట్టుకో. కానీ క్లెయిమ్ కోసం అగ్రిమెంటు, బిల్లు, ఫోటోలు అన్నీ అడిగిన్రు. కారు తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీసిన గనుక బతికిన. అద్దం, టైర్లు, కప్పు, డ్యాష్‌బోర్డు మీద మైళ్లు, పెట్రోల్ ముల్లు, అన్నీ తియ్యి. ఇచ్చేటప్పుడు ఇంకోసారి తియ్యి.

ఇంకోటి, క్రెడిట్ కార్డు కవరేజ్ మనం కిరాయికి తీసుకున్న కారుకే. ఎదుటోళ్ల కారుకో మనిషికో ఏమన్న అయితే ఇవ్వది. నీకు డాలస్‌ల సొంత కారు ఉంటే ఆ పాలసీ చానా వరకు అద్దె కారుకు గూడ వస్తది, పోయే ముందు వాళ్లకు ఫోన్ చేసి అడుగు. సొంత పాలసీ లేనోళ్లు మాత్రం కౌంటర్‌ల లయబిలిటీ కవర్ తీసుకోవాలె, దాంట్ల పైసలు మిగిలిచ్చుకోవద్దు.

ఇగ మ్యాపు. బ్రైస్ కెల్లి బయలెల్లి ఫోన్‌ల ఒట్టిగ గ్రాండ్ కాన్యన్ అని కొట్టినం. అది నార్త్ రిమ్ దిక్కు తీస్కపోయింది. జేకబ్ లేక్ కాడ బంకుల ఒక పెద్దమనిషి చెప్తే ఎరుకైంది. నార్త్ రిమ్‌కు సౌత్ రిమ్‌కు పిట్ట ఎగిరితే పది మైళ్లు, కారు తిరిగి పోతే 200 మైళ్ల మీద. సౌత్ రిమ్ విజిటర్ సెంటర్ అని పూర్తిగ కొట్టు. సిగ్నల్ చానా జాగల రాదు, వేగస్‌లనే ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకో.

కాకినాడ_కోడలు
పెద్దవాళ్ళ తిండి గురించి ఎవరూ రాయలేదు. మా అత్తగారు రెండో రోజుకే అన్నం అన్నం అన్నారు. స్ప్రింగ్‌డేల్‌లోనూ బ్రైస్ దగ్గరా మన భోజనం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. మూడు కప్పుల చిన్న రైస్ కుక్కర్ ఒకటి సామానులో పడేయండి, ఇక్కడ కొన్నదే, ఇండియాది ఇక్కడి కరెంటుకి సరిగ్గా పనిచేయదు. కందిపొడి, ఆవకాయ, నెయ్యి సీసా, పులిహోర పేస్టు. పెరుగు సెయింట్ జార్జ్‌లో కొనుక్కున్నాం, మళ్ళీ పేజ్‌లో వాల్‌మార్ట్ ఉంది. ఐస్ హోటల్లోనే ఇస్తారు, కూలర్ ఒకటి ఉంటే చాలు. హోటల్ గదిలో పోపు మాత్రం పెట్టొద్దు. మా పక్క గదివాళ్ళు పెడితే పొగ అలారం మోగి రాత్రి పదింటికి చంటిపిల్లలతో సహా అందరం చలిలో బయట నిలబడ్డాం.

చలి అంటే గుర్తొచ్చింది. బ్రైస్ అంచు ఎనిమిది తొమ్మిది వేల అడుగుల ఎత్తు. మే నెలలో వేగస్‌లో ఏసీ ఆపలేం, అదే వారం బ్రైస్‌లో తెల్లవారుజామున గడ్డకట్టే చలి. మంకీ క్యాప్, శాలువా, సాక్సులు సూట్‌కేసు అడుగున కాకుండా చేతికి అందేలా ఉంచండి. మెట్లు కొంచెం ఎక్కినా ఆయాసం వస్తుంది, నీళ్ళు తాగిస్తూ ఉండండి. నాన్నగారి మాత్రలు కారులో ఎండకి వదిలేయకండి.

అక్కడ సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్‌కి అర మైలు, సిమెంటు బాట, మధ్యలో బెంచీలు. మా అత్తగారు శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చున్నారు. కింద ఆ ఎర్రటి రాతి స్తంభాల మీద ఎండ పైనుంచి కిందికి ఒక్కో వరసా దిగుతోంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, గాలిగోపురాలన్నీ తెచ్చి ఒక్కచోట నిలబెట్టినట్టుంది కదే, అన్నారు. ఆవిడ కిందికి దిగాల్సిన పనే లేకపోయింది.

బెజవాడ_వాసి
నేను 2024లో ఇండియా నుంచి వచ్చి నడిపాను కాబట్టి నాన్నగారి లైసెన్సు మీద చెప్తున్నాను. మన ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. కాని కాగితం ఉండటం వేరు. నాకు ఎడమవైపు తిరిగేటప్పుడు మూడు రోజులపాటు చేయి తప్పుడు వరసలోకే లాగింది. పక్కన మా చెల్లెలు కూర్చుని ప్రతి మలుపులోనూ చెప్పేది. నాన్నగారికి ముచ్చటగా ఉంటే ఖాళీ పార్కింగ్ స్థలంలో, మీ సొంత కారులో తిప్పించండి. అద్దె అగ్రిమెంటులో పేరు లేనివాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే ఇన్సూరెన్స్ చెల్లకపోవచ్చు. మీ ఆవిడ పేరు రాయించడం మర్చిపోకండి. చాలా కంపెనీలు భార్యాభర్తలకి అదనపు ఛార్జీ వేయవు, అడగాలి.

ఇండియా కార్డులతో వచ్చేవాళ్ళకి ఒక మాట. బంకులో పంపు దగ్గర జిప్ కోడ్ అడుగుతుంది, మన కార్డు తీసుకోదు. లోపలికెళ్ళి పంపు నంబరు చెప్పి 40 డాలర్లు కట్టండి, తక్కువ పడితే మిగిలింది వెనక్కి వేస్తారు.

పాసు విషయం. జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ ఒక్కోదానికి కారుకి 35 డాలర్లు, మూడూ కలిపితే 105. అన్ని నేషనల్ పార్కులకీ చెల్లే ఏడాది పాసు 80. 2026 జనవరి నుంచి ఆ 80 అమెరికాలో నివాసం ఉన్నవాళ్ళకే, నాలాంటి చుట్టపుచూపు వాళ్ళకి 250 చేశారు. మీ టెక్సాస్ లైసెన్సు దగ్గర పెట్టుకోండి. అమ్మానాన్నల మాట ముందే పార్కు సర్వీసు వెబ్‌సైట్లో చూసుకోండి, గేటు దగ్గర వెనక కార్లు ఆగి ఉండగా తేల్చుకునే పని కాదు. హార్స్‌షూ బెండ్ పార్కింగ్ పేజ్ ఊరివాళ్ళది, పాసు చెల్లదు, 10 డాలర్లు.

ఫీనిక్స్_పిల్లోడు
మాన్యుమెంట్ వ్యాలీ తీసేయమంటే నాకు ప్రాణం ఒప్పుకోవడం లేదు. నేను చూసిన వాటిల్లో నాకు అదే ముందు. కానీ 5 రోజుల్లో వద్దు. అక్కడ లోపలి 17 మైళ్ళ చుట్టు మట్టి రోడ్డు. మట్టి రోడ్డు మీదకి తీసుకెళ్ళకూడదని అద్దె అగ్రిమెంట్లలో మామూలుగా ఉంటుంది, అక్కడ ఏమైనా అయితే ఇన్సూరెన్సు రాకపోవచ్చు.

టైము గొడవ ఇంకొకటి. అరిజోనాలో వేసవిలో గడియారం మార్చం, కాని రాష్ట్రం లోపలే ఉన్న నవహో నేషన్‌లో, అంటే నవహో తెగవాళ్ళ సొంత ప్రాంతంలో, మారుస్తారు. పేజ్ ఆ సరిహద్దు పక్కనే ఉంది. ఏ టవర్ దొరికితే ఫోన్ ఆ టైము చూపిస్తుంది, ఒకే గదిలో మా రెండు ఫోన్లు గంట తేడాగా చూపించాయి. యాంటిలోప్ నవహోల భూమే అయినా టూర్లు పేజ్ టైము ప్రకారమే నడుస్తాయి. చేతికి మామూలు వాచీ పెట్టుకుని వేగస్ టైమే ఉంచండి, మే నెలలో రెండూ ఒకటే. నవహో గైడు లేకుండా లోపలికి పోనివ్వరు, నెలల ముందే బుక్ చేయాలి. యాంటిలోప్‌లో లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. లోయర్‌లో ఇనుప నిచ్చెనలు, అమ్మగారికి అస్సలు వద్దు. అప్పర్‌లో నేల చదును, కాని బయటికి తిరిగొచ్చే దారిలో మెట్లు ఉన్నాయి. వాన సూచన ఉండి టూరు రద్దు చేస్తే వాళ్ళతో వాదించకండి. 1997 ఆగస్టులో ఎక్కడో దూరంగా కురిసిన వానకి లోయర్‌లో వరదొచ్చి 11 మంది పోయారు.

తెనాలి_డాలస్
మీ అందరి మేలు మర్చిపోను. రాత్రి అమ్మానాన్నలని కూర్చోబెట్టి అన్నీ చదివి వినిపించాను. ఫ్లైటు ఆరో రోజుకి మార్చాను, 60 డాలర్లు ఎక్కువైంది. మొదటి రాత్రి స్ప్రింగ్‌డేల్. రెండో రోజు మధ్యాహ్నం దాకా జయాన్, రాత్రికి బ్రైస్. మూడో రోజు పొద్దున బ్రైస్, వెలుగుండగానే పేజ్. నాలుగో రోజు హార్స్‌షూ, తర్వాత కామెరాన్ మీదుగా గ్రాండ్ కాన్యన్ తూర్పు వైపు డెజర్ట్ వ్యూ, రాత్రికి పార్కు బయట ఊరు టుసాయాన్. ఐదో రోజు పొద్దున మళ్ళీ గ్రాండ్ కాన్యన్, రాత్రికి వేగస్. యాంటిలోప్‌కి నేనూ మా ఆవిడా వెళ్ళకుండా ఆ పూట హోటల్లో అమ్మతోనే ఉందాం అనుకున్నాం, అమ్మ ఒప్పుకోలేదు. నాన్నా మా ఆవిడా వెళ్తున్నారు, పాప నా దగ్గర ఉంటుంది. మినీవ్యాన్ ఖాయం చేశాను, అమ్మకి ఎక్కడం తేలిక. పాప కారు సీటు మాదే విమానంలో ఉచితంగా తీసుకెళ్తారట.

గోదారి_గట్టు
చాలా సంతోషం. ఇంకొక్కటి. గ్రాండ్ కాన్యన్ గేటు దగ్గర, మా అమ్మ నడవలేదండి అని చెప్పి యాక్సెసిబిలిటీ పర్మిట్ అడగండి. షటిల్ బస్సులకి మాత్రమే వదిలిన హెర్మిట్ రోడ్డులోకి మీ కారునే రానిస్తారు. ఆ సంగతి మాకు తిరిగొచ్చాక తెలిసింది. అత్తగారిని బస్సుల్లో ఎక్కించి దించాం.

తెనాలి_డాలస్
ఈ శనివారం అమ్మకి షూస్ కొనడానికి వెళ్తున్నాం. జీవితంలో చెప్పులు తప్ప వేసుకోలేదు.

కాకినాడ_కోడలు
సాయంత్రం తీసుకెళ్ళండి. పగలంతా తిరిగాక పాదాలు కొంచెం వాస్తాయి, పొద్దున సరిపోయినవి సాయంత్రానికి పట్టేస్తాయి. మందం సాక్సులు వేయించి, అర సైజు పెద్దవి చూడండి. ఇప్పట్నుంచే రోజూ ఇంట్లో గంటసేపు వేయించండి.