కోలారు బంగారు గనుల ప్రాంతంలో నడిచి చూడదగ్గవి ఏమిటి?

ప్రశ్న: 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారు గనుల వైపు అమ్మతో కలిసి వెళ్లాలనుకుంటున్నాను. గనుల కన్నా కొండలూ రాళ్లూ చూడాలని మా కోరిక. ఎక్కడెక్కడ నడవవచ్చో చెప్పగలరా?

జవాబు: కోలారు పట్టణం పక్కనున్న అంతరగంగె కొండతో మొదలుపెట్టండి. మెట్లెక్కి గుడి చేరితే రాతి నంది నోటి నుంచి నీటిధార కోనేట్లో పడుతూ కనిపిస్తుంది. ఆ పైన బండల మధ్య గుహల్లో దూరాలంటే మోకాళ్లు గట్టివై ఉండాలి కనుక, అమ్మగారిని గుడి దగ్గరే కూర్చోబెట్టడం మేలు.

జవాబు: రాళ్లంటే ఇష్టమైతే పెద్దపల్లిని (మన తెలంగాణ పెద్దపల్లి కాదండీ) వదలకండి. అక్కడి ప్రాచీన అగ్నిపర్వత శిలలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకాల్లో ఒకటి.

జవాబు: గనుల ఊరి చుట్టూ కనిపించే సయనైడ్ దిబ్బలు కొండలు కావు; ముడిరాయిని పిండిచేసి బంగారం తీశాక మిగిలిన పొడి. వాన కోసిన గాడులు చూడముచ్చటగానే ఉంటాయి గానీ, ఎండాకాలం గాలికి ఆ పొడి కళ్లలోనూ గొంతులోనూ పడుతుంది కాబట్టి ఎక్కకుండా రోడ్డు మీద నుంచే చూడండి. గనుల ఊరికి రైల్లో రావాలంటే, బంగారుపేట నుంచి మారికుప్పం వెళ్లే రైలు దారిలో ఊరగాం, ఛాంపియన్ స్టేషన్లు వస్తాయి.