బిల్లు రాని మోటార్లకు పొదుపు పథకం: మధ్యలో ఉన్న రైతు సంఘం ఏం చేయాలి?

ప్రశ్న (కళ్యాణదుర్గం నుంచి):
వేరుశనగ, చీనీ (బత్తాయి) పండించే రైతుల ఉత్పత్తిదారుల సంఘానికి నేను లెక్కలు చూస్తుంటాను. పాత మోటార్లు తీసేసి స్టార్ రేటింగ్ పంపుసెట్లు బిగిస్తామని ఒక సంస్థ వచ్చి, రైతులను ఒప్పించే పని మా సంఘానికి అప్పగిస్తానంటోంది. 2004 నుంచి వ్యవసాయ విద్యుత్తు ఉచితం కాబట్టి, మిగిలే యూనిట్ల ఫలం పంపిణీ సంస్థకు చేరుతుంది గానీ రైతుకేం ఒరుగుతుంది? రేపు ఏదైనా తేడా వస్తే మాట పడవలసింది మాత్రం మేమే. ఇటువంటి పనిలో సంఘం ఎంతవరకు బాధ్యత తీసుకోవచ్చు?

జవాబు (అనంతపురం):
2014లో మన జిల్లాలో పాత బల్బులు తీసుకుని, ఇంటికి రెండు ఎల్‌ఈడీ బల్బులు 10 రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు, కేంద్ర విద్యుత్ రంగ సంస్థలు కలిసి నెలకొల్పిన ఈఈఎస్‌ఎల్ ముందుగా పెట్టుబడి పెట్టి, ఆ సొమ్మును పంపిణీ సంస్థ నుంచి విడతలుగా రాబట్టుకుంది. 60 వాట్ల బల్బు స్థానంలో 7 వాట్ల బల్బు వెలిగితే ఎంత మిగిలిందో కాగితం మీదే తేలిపోతుంది. బోరు సంగతి వేరు. నీటిమట్టం నిరుడు ఉన్నచోట ఈ వేసవికి ఉండదు; లోతుకు సరిపడని పంపు దించితే, దాని మీద ఎన్ని నక్షత్రాలున్నా ఉపయోగం లేదు. అందువల్ల ప్రతి బోరు నీటిమట్టం ఎంత, నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోంది, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోంది అన్న వివరాలను మార్చకముందు, మార్చిన తర్వాత కూడా రైతు ఎదుటే కొలిపించండి. అమ్మేవాడే కొలిచిన లెక్కను ఎవరు నమ్ముతారు?

జవాబు (ఉరవకొండ, మోటారు మెకానిక్):
రైతుకు యూనిట్ల గురించి కాదు, మోటారు కాలకపోవడం గురించి చెప్పండి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్ల వల్ల ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేచి, వోల్టేజీ పడిపోయి, వైండింగ్ కాలుతుంది. పైపులన్నీ పైకి లాగి, రీవైండింగ్ చేయించి, తిరిగి దింపేసరికి కాయ మీదున్న చీనీ తోట వాడిపోతుంది. వోల్టేజీ పడిపోకుండా తోడ్పడే కెపాసిటర్ ఉండాలన్నది ఉచిత విద్యుత్తుకు పాత షరతే అయినా, మా వైపు పాడైనవాటిని మార్చే నాథుడు లేడు. కెపాసిటర్లు బాగుచేయించి, ఆటో స్టార్టర్లు తీయించి, వంతుల ప్రకారం మోటార్లు వేసుకునేలా ఒప్పించగలిగితే సగం గొడవ తీరుతుంది. ఆ రైతులను ఒకచోట కూర్చోబెట్టడం ఏ కంపెనీకీ చేతకాదు, సంఘానికే సాధ్యం.

జవాబు (కర్నూలు):
ఇందులో ఇంకో మెలిక ఉంది. వ్యవసాయానికి రోజూ కరెంటు ఇచ్చే అదే 9 గంటల్లో మంచి పంపు ఎక్కువ నీరు తోడుతుంది. ఆ నీటికి ఆశపడి రైతు ఇంకో ఎకరం వరి పెడితే యూనిట్లూ మిగలవు, బోరూ మిగలదు. 2003లో మొదలై, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో కర్నూలు, అనంతపురం, కడప సహా ఏడు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే, రైతులే నిర్వహించుకునే భూగర్భజల పథకంలో, స్వచ్ఛంద సంస్థలు వానను, బోర్ల నీటిమట్టాన్ని రైతుల చేతనే కొలిపించి, రబీకి ముందు ఊరందరి ఎదుట నీటి లెక్క వేయించాయి. ఫలానా పంటే వేయాలన్న ఆదేశం ఏమీ లేదు. లెక్క చూసుకుని నిర్ణయించుకున్నది రైతులే. మోటార్ల మార్పుతో పాటు బిందు సేద్యాన్ని, ఇటువంటి లెక్కను కూడా జోడించండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. కొలతలు మా ఎదుట జరగాలనీ, ఐదేళ్ల మరమ్మతు ఆ సంస్థదేననీ ఒప్పందంలో రాస్తేనే సంతకం చేద్దామని పాలకవర్గంలో ప్రతిపాదిస్తాను. వంతుల పద్ధతిని మాత్రం ఒప్పందం కోసం ఆగకుండా, ముందుగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మొదలుపెడతాం.