మాసాయి పల్లెలో బోరు ముందా, బడి ముందా?

కృష్ణాతీరం (నైరోబీ):
నైరోబీలో ఉంటున్న మా పదకొండు తెలుగు కుటుంబాలు కలిసి కెన్యాలోని కజియాడో కౌంటీలో, పశువులు మేపుకుని బతికే మాసాయి తెగ వారి పల్లె ఒకదానికి బోరు గానీ బడి గానీ సమకూర్చాలని అనుకుంటున్నాము. మన సాయం వల్ల వారి కట్టుబాట్లు చెదరకూడదన్నది మా కోరిక. ముందు ఏది మొదలుపెట్టమంటారు? మరొక సందేహం కూడా ఉంది. పర్యాటకులకు చూపించే పల్లెలో నృత్యం ముగియగానే మమ్మల్ని పూసల అంగళ్ల ముందుకు తీసుకువెళ్లారు. అక్కడ కొనడం మంచిదేనా?

పాతకాపు:
పూసల సంగతి మాత్రం చెబుతాను. ఆ గాజు పూసలు ఐరోపా నుంచి వర్తకుల ద్వారా చేరినవి. వారు ఒంటికి చుట్టుకునే ఎర్రని షూకా మిల్లు గుడ్డ. అంతకుముందు వారు తోళ్లు ధరించేవారు. కాబట్టి ప్రాచీన సంప్రదాయమని నమ్మి ఎక్కువ ధర పెట్టడం అనవసరం.

పూసలదండ (నరోక్):
పాతకాపు గారూ, మీ మాట నాకు చాలా కష్టం కలిగించింది. మిరపకాయ సముద్రం దాటి వచ్చింది కనుక ఆవకాయ మనది కాదంటారా? నేను రెండేళ్లపాటు ఒక పెద్దావిడ పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఒకసారి నేను రంగు తప్పి పూసలు ఎక్కిస్తే, ఆమె ఒక్క మాట కూడా అనకుండా తీగ నా చేతిలోంచి తీసుకుని, వరుసంతా ఒడిలోకి జార్చి మళ్లీ మొదలుపెట్టింది. ఎరుపు ధైర్యానికి, తెలుపు పాలకు, నీలం వాననిచ్చే ఆకాశానికి, ఆకుపచ్చ గడ్డికి గుర్తు అని ఆమే చెప్పింది. కొనండి, కానీ గుచ్చిన మనిషి చేతికే డబ్బు ఇవ్వండి. ప్రవేశ రుసుములో పెద్ద వాటా పర్యాటకులను తెచ్చిన బండి వాళ్లకే పోయిన పల్లెలను నేను చూశాను.

పాతకాపు:
ఆవకాయ పోలిక ఒప్పుకుంటాను. అయితే అంగట్లో కనిపించిందల్లా కొనవచ్చని మాత్రం అనుకోకండి. తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించే ఒర్కతార్ అనే కడియాన్ని ఎవరూ అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో అలాంటి వస్తువులు కనిపించినప్పుడు, అవి అక్కడికెలా చేరాయని మాసాయి ప్రతినిధులు నిలదీశారు. 2023లో ఆ మ్యూజియం వారు మాసాయిల దగ్గరకు వచ్చి, అలాంటి వస్తువు పోవడాన్ని ప్రాణనష్టంగానే ఎంచి, దానికి వారి ధర్మం విధించే పరిహారం ప్రకారం, సంబంధిత కుటుంబాలకు 49 ఆవుల చొప్పున ఇచ్చారు.

పూసలదండ (నరోక్):
ఇంత తెలిసిన మీరు ఆ ఆడవాళ్ల పనిని "అనవసరం" అని ఎలా అనగలిగారో నాకు అర్థం కావడం లేదు.

నల్గొండనీరు:
పూసల వాదన కాసేపు ఆపండి. తాగునీటి పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాడిని. ఫ్లోరైడ్ గురించి నాకు తెలిసినంత ఇక్కడ మరెవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. రిఫ్ట్ లోయది అగ్నిపర్వతాల నేల, అందుకే భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. టాంజానియాలోని ఆరూషా వైపు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూడగానే నాకు నల్గొండ జిల్లా మర్రిగూడ గుర్తుకు వచ్చింది. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే మన నల్గొండ పద్ధతిని టాంజానియాలోని ఎన్గుర్దోతో కేంద్రం వారు ఇంట్లో బకెట్లతో చేసుకునేలా మలిచారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీటిని పిల్లలకు తాగించకండి. పరీక్ష చేయించకుండా బోరు వేయడం నేరమని నా ఉద్దేశం.

మేతబాట:
భూమి మాట ఒక్కరూ ఎత్తరేం? 1904 ఒప్పందంతో బ్రిటిష్ వారు మాసాయిలను రిఫ్ట్ లోయ మేతభూముల నుంచి తరలించారు, 1911 ఒప్పందంతో లైకిపియా కూడా ఖాళీ చేయించారు. ఇప్పటి టాంజానియాలో ఉన్నవారిని 1959లో సెరెంగెటి నుంచి ఎన్గొరోన్‌గొరోకు పంపారు. 2022 నుంచి ఆ ఎన్గొరోన్‌గొరో కుటుంబాలనే దూరాన ఉన్న మ్సోమెరాకు తరలిస్తున్నారు. కజియాడోలో 1968 చట్టం కింద ఏర్పడిన గ్రూప్ రాంచ్‌లు, అంటే ఉమ్మడి మేతభూములు, చాలావరకు ముక్కలై కంచెలు వెలిశాయి. వాన ఎక్కడ పడితే అక్కడికి మందను తోలుకుపోవడం మీదే వారి బతుకు నిలిచింది. ఆ దారికి అడ్డం వేసిన కంచెలో కాలు ఇరుక్కున్న దూడను మేము నలుగురం కలిసి విడిపించాము. తీగ ఎముక దాకా దిగి ఉంది. బోరు తప్పు చోట వేస్తే మందలన్నీ అక్కడే చేరి, లేగల కోసం ఇంటి దగ్గర కాపాడుకునే ఓలొపొలోలి గడ్డి కూడా మిగలదు.

పలకాబలపం:
కట్టుబాట్లన్నీ కాపాడాలా? ఆడపిల్లల అంగాలను కోసే ఆచారాన్ని కెన్యా 2011 చట్టంతో నిషేధించినా అది పూర్తిగా ఆగలేదు. నన్నడిగితే బడే ముందు, అదీ ఆడపిల్లలకు.

మేతబాట:
బయటివాళ్లం మనం తీర్పు చెప్పకూడదు.

పలకాబలపం:
కకెన్యా న్తాయియా బయటి మనిషా? తాను ఆ బాధ అనుభవించి, చదువుకుని, 2009లో సొంత ఊరు ఎనోసాయెన్‌లో ఆడపిల్లలకు బడి తెరిచిన మాసాయి స్త్రీ ఆమె. యువ యోధులు పెద్దరికంలోకి అడుగుపెట్టే ఎయునోతో వంటి మూడు మగవారి సంస్కారాలను యునెస్కో 2018లో తక్షణం కాపాడవలసిన వాటి జాబితాలో చేర్చింది, సంతోషం. వాటి పేరు చెప్పి దీన్ని కూడా కాపాడమంటే నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం (నైరోబీ):
మేము బోరు స్థలాన్ని రోడ్డు పక్కన, మాకు సులువుగా ఉన్నచోట గుర్తించాము. మేతదారి ఎటు పోతుందో అడగనే లేదు. వచ్చే వారం పల్లె పెద్దల ఎన్కిగ్వెనా సభలో కూర్చుని అడుగుతాము, నీళ్లు మోసే స్త్రీలతో విడిగా మాట్లాడతాము. నల్గొండనీరు గారూ, పక్క ఊరి బోరు నుంచి నమూనా తేవాలంటే ప్లాస్టిక్ సీసా సరిపోతుందా?

నల్గొండనీరు:
ప్లాస్టిక్ సీసానే తీసుకోండి, ఫ్లోరైడ్‌కు గాజు సీసా వాడకూడదు. అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపండి.