25 కాదు, 26 శాతమే కావాలంటున్నాడు ఇన్వెస్టర్. ఆ ఒక్క శాతంలో ఏముంది?

మిర్చి_బస్తా (హన్మకొండ):
అందరికీ నమస్తే. వరంగల్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు మిర్చి బస్తాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఏ రైతు బస్తాలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, కిరాయి ఎంతయింది, వాటి మీద లోన్ ఎంత ఉంది, అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. ఏడు కోల్డ్ స్టోరేజీలు పైసలు కట్టి వాడుతున్నాయి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నాది 60 శాతం, నా దోస్తుది 40. వాడు ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు కోడ్ రాస్తున్నాడు.

మాకు కాక వరసయ్యే కాంట్రాక్టర్ ఒకాయన 30 లక్షలు పెడతానన్నారు. నేను 25 శాతం ఇస్తానన్నా. ఆయన వాళ్ల ఆడిటర్‌తో మాట్లాడి వచ్చి, 26 అయితేనే పెడతా అని కూర్చున్నారు. ఒక్క శాతానికి అంత పట్టుదల ఎందుకో తెలియట్లేదు. ఇంట్లో వాళ్లేమో మనోడే కదా, ఒక్క శాతానికి పంచాయితీ ఏంది అంటున్నారు. ఇంకోటి, మూడు నెలల కిందనే 10 లక్షలు ఇచ్చేశారు, సగం నా అకౌంట్లో, సగం చేతికి. సర్వర్ బిల్లులకు, పనిలో పెట్టుకున్న ఇద్దరి జీతాలకు అది ఖర్చవుతోంది. కాయితం ఏమీ రాసుకోలేదు. ఏం చేయమంటారు?

లెక్కల_సారు (కరీంనగర్, సీఏ):
తమ్ముడూ, మీ కాక ఆడిటర్ హుషారు మనిషి. 2013 కంపెనీల చట్టంలో పెద్ద నిర్ణయాలకు స్పెషల్ రెజల్యూషన్ కావాలి, అంటే వద్దన్న ఓట్లకు కనీసం మూడింతలు సరే అన్న ఓట్లు పడాలి. ఆయన దగ్గర 25 ఉంటే మీ ఇద్దరివి 75, సరిగ్గా మూడింతలు, ఆయన కాదన్నా పాసవుతుంది. 26 ఉంటే మీవి 74, ఆగిపోతుంది. ఆ ఒక్క శాతం వెనక ఉన్నది ఇదే.

ఏం ఆగిపోతాయంటావా? కంపెనీ నియమావళి మార్చడం, పేరు మార్చడం, అన్నిటికంటే ముఖ్యంగా బయటి ఇన్వెస్టర్‌కు కొత్త షేర్లు ఇవ్వడం. రేపు హైదరాబాద్ నుంచి ఎవరో ఫండ్ వాళ్లు వచ్చి 2 కోట్లు పెడతామన్నా మీ కాక సంతకం లేకుండా పని కాదు. ఆయన చెడ్డవాడని నేననట్లేదు, 30 లక్షలు పెట్టేవాడు ఆ పట్టు అడగడం మామూలే. ఇచ్చే నువ్వు ఏం ఇస్తున్నావో తెలిసి ఇవ్వు, అంతే.

కాజీపేట_జంక్షన్:
అందరూ 26 దగ్గరే ఆగారు, నీది ఎంత మిగులుతుందో ఎవరైనా చూశారా? కొత్త షేర్లు ఇస్తే నీ 60 కాస్తా 44.4 అవుతుంది, దోస్తుది 29.6, కాకది 26. దోస్తు, కాక కలిస్తే 55.6. డైరెక్టర్‌ను తీసేయడానికి స్పెషల్ రెజల్యూషన్ అక్కర్లేదు, సగం కంటే ఎక్కువ ఓట్లు చాలు. అంటే నువ్వు పొద్దున లేచి కోల్డ్ స్టోరేజీల చుట్టూ తిరుగుతుంటే, ముందస్తు నోటీసు ఇచ్చి, నీ మాట కూడా విని, నీ కంపెనీలోంచి నిన్నే పంపించేయొచ్చు. 20 శాతం ఇచ్చినా నీకు 48 మిగులుతుంది, అదీ సగం లోపే. సగం దాటి ఉండాలంటే 16 వరకే ఇవ్వాలి, అప్పుడు 50.4.

అసలు నాకు టెన్షన్ పుట్టించేది కాక కాదు, వారానికి రెండు రోజులు పనిచేసే దోస్తు దగ్గర ఉన్న 40 శాతం. వెస్టింగ్, అంటే పనిచేసిన కాలాన్ని బట్టి షేర్లు సొంతమయ్యే షరతు, రాసుకున్నారా? మామూలుగా నాలుగేళ్లు పెడతారు, మొదటి ఏడాది నిండకుండా పోతే ఏమీ రాదు, ఆ తర్వాత కొంచెం కొంచెం సొంతమవుతుంది. పైసలు రాకముందే ఆ మాట తేల్చుకో. వచ్చాక దోస్తానా మీద ఒత్తిడి పడుతుంది, అప్పుడు అడగలేవు.

పాత_ఫౌండర్ (హన్మకొండ):
శాతాల లెక్క నిజమే కానీ నా అనుభవం వేరే. నేను 12 శాతమే ఇచ్చిన, గెలిచినా అనుకున్న. అగ్రిమెంట్ చివర్లో ఒక పట్టిక ఉంది: కొత్త షేర్లు, 5 లక్షలు దాటిన ఖర్చు, మేనేజర్ స్థాయి నియామకం, ఇవన్నీ ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. 12 శాతంతోనే ప్రతి పనికీ తాళం పడ్డది. ల్యాప్‌టాప్‌లు కొనాలన్నా ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది, ఆయన పెళ్లిలో ఉంటే వారం ఆగేది. అందుకే 25, 26 అని కొట్లాడి గెలిచి ఆ పట్టిక చదవకుండా సంతకం పెట్టకు.

అట్లే ఒప్పుకున్నవన్నీ కంపెనీ నియమావళిలోకీ ఎక్కాలి. షేర్ల బదిలీ మీద పెట్టిన ఆంక్ష నియమావళిలో లేకపోతే కంపెనీని కట్టిపడేయదని రంగరాజ్ కేసులో సుప్రీం కోర్టు ఎప్పుడో చెప్పింది. నీకు అక్కరకొచ్చే షరతులు ఉంటే అవీ అందులో ఉన్నాయో లేదో చూసుకో.

లెక్కల_సారు:
పైన వాళ్లు చెప్పింది కరెక్టే. నేను మళ్లీ వచ్చింది ఆ 10 లక్షల కోసం, శాతాల కంటే ముందు అది సర్దుకోవాలి. షేర్ల పైసలు క్యాష్‌లో తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే, అదీ కంపెనీ పేరు మీద విడిగా తెరిచిన అకౌంట్లోకే రావాలి. వచ్చిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, లేకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో తిరిగివ్వాలి, అదీ తప్పితే 12 శాతం వడ్డీ. షేర్లు ఇచ్చి 15 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు పీఏఎస్-3, అంటే ఎవరికి ఎన్ని షేర్లు ఇచ్చారో చెప్పే ఫారం, వేయాలి, అది వేసేదాకా పైసలు ముట్టుకోవద్దు. నువ్వేమో ఖర్చు కూడా పెట్టినవ్.

అది నా సొంత అప్పు అందామంటే అదీ కుదరదు. 20 వేలు, ఆ పైన అప్పు క్యాష్‌లో తీసుకోవడాన్ని ఆదాయ పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంతా జరిమానా పడొచ్చు. కాక వరస అయినా సరే. కాబట్టి ఆ 10 ఆయనకు బ్యాంకు ద్వారా తిరిగి ఇచ్చి, 30 లక్షలు మొత్తం కొత్తగా కంపెనీలోకి తెప్పించుకో. చేతికి తీసుకున్న ఆ 5 లక్షలకు ఏం చేయాలో మీ ఆడిటర్‌ను కూర్చోబెట్టి అడుగు, ఇక్కడ రాయను.

శాతం మీద పంచాయితీ తెగకపోతే కన్వర్టిబుల్ నోట్, అంటే తర్వాత షేర్లుగా మారే అప్పు, అడిగి చూడు. ఇప్పుడు శాతం తేల్చక్కర్లేదు, తర్వాతి ఇన్వెస్టర్ వచ్చినప్పుడు ఆ రేటు మీద కొంత తగ్గింపుతో షేర్లుగా మారుతుంది. కానీ కంపెనీకి కేంద్ర ప్రభుత్వ శాఖ డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు ఉండాలి, ఒక్కరు ఒకే విడతలో 25 లక్షలు తగ్గకుండా ఇవ్వాలి. 10 ఒకసారి, 20 ఒకసారి అంటే నడవదు. గుర్తింపుకు ఫీజు లేదు, ఎవడైనా వేలల్లో అడిగితే అది వాడి ఫీజు. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లను అసలు విలువ కంటే ఎక్కువకు ఇస్తే ఆ ఎక్కువ మీద పడిన పన్ను) తీసేశారు కదా, కంపెనీ విలువ కట్టే వాల్యుయేషన్ రిపోర్టు ఎందుకని కొందరంటారు. తీసేసింది ఆదాయ పన్ను వాళ్లు, కొత్త షేర్లకు రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు అడిగేది కంపెనీల చట్టం.

మిర్చి_బస్తా:
అందరికీ చాలా థ్యాంక్స్. 44.4 చూసి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. దోస్తుకు ఫోన్ చేసి వెస్టింగ్ సంగతి ఎత్తితే మొదట గరమైండు, తర్వాత వాడే ఉద్యోగం మానేదాకా 40లో సగం లెక్కలో పెట్టకు అన్నాడు. ఆదివారం హన్మకొండ వస్తున్నాడు, కాయితం మీద పెడతాం. కాకతో ఇంకా మాట్లాడలేదు. ముందు ఆ 10 తిరిగిస్తానంటే ఆయన ఏమనుకుంటారో, ఇంట్లో ఏమంటారో. లెక్కల సారూ, నోట్ ఇస్తే అది షేర్లుగా మారేదాకా ఆయనకు మీటింగ్‌లో ఓటు ఉంటుందా?

లెక్కల_సారు:
ఉండదు, అప్పటిదాకా అది అప్పు కిందే లెక్క. అందుకే ఆయన ఆడిటర్ ఒప్పుకోకపోవచ్చు. అడిగి చూడు.