యాత్రల్లో తీసిన ఫొటోలను అందరికీ ఉచితంగా వదిలివేయవచ్చునా?

హన్మకొండ బాటసారి:
మిత్రులకు నమస్కారం. ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. సెలవు దొరికినప్పుడల్లా కెమెరా భుజాన వేసుకుని రామప్ప, కోటగుళ్లు, పాకాల, లక్నవరం, వరంగల్ కోట, మేడారం తిరిగాను. ఫొటో తీయడం నాకు జీవనోపాధి కాదు, ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్యా కాదు. అయినా ఇన్నేళ్లలో నాలుగు వేలకు పైగా చిత్రాలు పోగయ్యాయి. వీటన్నింటినీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, వికీపీడియాకు అనుబంధంగా ఉన్న ఉచిత ఫొటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో పెట్టాలనుకుంటున్నాను. అంటే తీసినవాడిగా నా పేరు చెప్పి, ఎవరైనా దేనికైనా పైసా చెల్లించకుండా వాడుకోవచ్చు.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెబుతాను. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కోసం 2006లో విప్పదీశారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. ఆ పద్దెనిమిదేళ్లలో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఆ మండపాన్ని నిలబడి ఉండగా చూడలేదు. 2004లో యాషికా కెమెరాతో దాని లోపల తీసిన పదకొండు ఫొటోలను తరగతిలో చేతులు మార్చి చూపించేవాణ్ని. ఒక దాంట్లో నున్నటి నల్లరాతి స్తంభం మీద బయటి వెలుగు సన్నని గీతలా పడి ఉంటుంది. పిల్లలు ఆ గీతను వేలితో తడిమి చూసేవారు, ఆ ప్రింటు అక్కడే అరిగి తెల్లబడింది. ఊరందరి మండపం ఒక పంతులు సంచిలో మాత్రమే ఉండటం సరికాదని నాకు అప్పుడే అనిపించింది. మీరేమంటారో చెప్పండి.

కాజీపేట జంక్షన్:
పెట్టేయండి సార్. 2021 జులైలో రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన రోజు బంధువులకు పంపుదామని ఒక మంచి ఫొటో కోసం గంటసేపు వెతికాను.

నర్సంపేట స్టూడియో:
సార్, మీ వయసుకూ మీ వృత్తికీ గౌరవం ఇస్తూనే చెబుతున్నాను, ఇది మా నోటికాడి కూడు తీసే పని. మీకు నెల తిరిగేసరికి పింఛను వస్తుంది. నాకు పెళ్లిళ్ల సీజను దాటిందంటే పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్ తప్ప వేరే ఆదాయం లేదు. మూడేళ్ల కింద ఒక ప్రెస్సు వాళ్లు క్యాలెండరుకు పన్నెండు ఫొటోలు కావాలని అడిగితే, నాలుగు రోజులు తెల్లవారుజామున చలిలో పాకాల కట్ట మీద నిలబడి తీసుకొచ్చాను. బాగున్నాయని మెచ్చుకున్నారు, రేటు కూడా మాట్లాడుకున్నాం. వారం తర్వాత, నెట్‌లో ఇలాంటివి ఊరికే దొరుకుతున్నాయని పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టారు. ఆ క్యాలెండరు మా పక్క కిరాణా దుకాణంలో ఏడాది పొడవునా వేలాడింది. ఫిబ్రవరి పేజీలోని పాకాల బొమ్మ కింద దాన్ని తీసినవాడి పేరు కూడా లేదు.

మీరు పెట్టి తీరాలనుకుంటే, కనీసం ప్రతి ఫొటో నడుమ మీ పేరు అడ్డంగా కనిపించేటట్లు ముద్ర వేసి పెట్టండి.

తెవికీ పాఠకుడు:
అలా ముద్ర వేసిన ఫొటోలను కామన్స్‌లో ప్రోత్సహించరు. తీసినవారి పేరు, తేదీ, స్థలం ఫొటోకు సంబంధించిన వివరాల పేజీలో ఉంటాయి. అలాగే 2004లో మొదలైన ఆ భాండాగారం, వ్యాపార వినియోగం వద్దనే షరతు ఉన్న లైసెన్సులను తీసుకోదు. గైడుబుక్కు అచ్చువేసి అమ్ముకునేవారికి కూడా ఆ ఫొటో పనికిరావాలన్నది వాళ్ల ఉద్దేశం. సార్ బాగా ఆలోచించుకోవలసిన సంగతి మరొకటి ఉంది: ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. మనసు మారి ఫొటోను తీసేసినా, అప్పటికే తీసుకున్నవారు అదే షరతుల మీద వాడుకుంటూ ఉండవచ్చు.

నర్సంపేట స్టూడియో:
వివరాల పేజీ తెరిచి చూసేవాళ్లు ఎందరున్నారో చెప్పండి. ఫొటోను దించుకునేవాడు పేజీని దించుకోడు, వాట్సాప్‌లో చేతులు మారే ఫొటో వెనుక ఏ పేజీ రాదు. పేరు ఫొటోలోనే ఉండాలి. మూలన చిన్నగా వేస్తే కత్తిరించేస్తారు కాబట్టి నడుమనే ఉండాలి.

హన్మకొండ బాటసారి:
తమ్ముడూ, క్యాలెండరు విషయంలో నీకు జరిగింది అన్యాయమే. మాట ఇచ్చి తప్పింది ఆ ప్రెస్సు వాళ్లు. అయితే నా ఫొటోలు పెట్టెలో దాచిపెట్టినంత మాత్రాన వాళ్లు నీ దగ్గరికి తిరిగి వస్తారని నాకు నమ్మకం లేదు. ముద్ర సంగతికి వస్తే, రామప్పలో దూలం కింద నిలిచిన నాగిని బొమ్మను ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా పడే వేళ వరకు కాచుకుని తీశాను. ఆ నల్లరాతి నడుము మీద పాము చుట్టు పొలుసులతో సహా కనిపిస్తుంది. దాని మీద నా పేరు అడ్డంగా వేయడానికి నాకు చేయి రాదు.

పరకాల న్యాయవాది:
చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, నమోదు చేయించుకోవలసిన అవసరం లేదు. 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ల రక్షణ ఉంది. కట్టడాలను, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలను ఫొటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. ఇక 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు ఇచ్చి ఒకరు తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు.

నర్సంపేట స్టూడియో:
అంటే ఇరవై రెండేళ్లుగా నేను తీసిన పెళ్లి ఫొటోల మీద నాకు హక్కు లేదంటారా? రాత్రంతా మేలుకుని తలంబ్రాలు, అప్పగింతలు తీసింది నేను, కరిజ్మా ఆల్బమ్ కూర్చింది నేను. సరదాగా తీసుకున్నవారికేమో జీవితకాలం మీద 60 ఏళ్ల హక్కు, దాన్ని ఊరికే పంచిపెట్టే స్వేచ్ఛ కూడానా? ఇది ఎక్కడి న్యాయం?

పరకాల న్యాయవాది:
ఒప్పందం రాసుకుంటే మీకే ఉంటుంది. బుకింగు రసీదు మీద ఒక్క వాక్యం చేర్చుకోండి.

తాడ్వాయి బిడ్డ:
రెండు రోజులుగా మీ చర్చ చదువుతున్నాను. పేరు ఎక్కడ వేయాలి, హక్కు ఎవరిది అన్న మాటలే తప్ప ఫొటోలో ఉన్నవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

2022 మేడారం జాతరకు మా అమ్మ నెత్తిన గంపతో బంగారం మోసుకుని వెళ్లింది. అమ్మవార్లకు బంగారమంటే బెల్లమని ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మా తమ్ముడు గల్ఫ్ నుంచి ప్రాణాలతో తిరిగివచ్చినందుకు మొక్కిన మొక్కు అది. జంపన్న వాగులో మునిగి, తడి చీరతోనే గద్దెల వైపు నడుస్తుండగా ఎవరో ఫొటో తీశారు. నుదుట పసుపు, మూసుకున్న కళ్లు, చెంప మీద చెమ్మ. తీసినాయన దాన్ని ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని రాసి నెట్‌లో పెట్టారు. అదే ఏడాది దీపావళి ముందర మా బస్టాండు గోడ మీద ఒక ఫ్లెక్సీ వెలిసింది. మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన. అందులో మా అమ్మ ముఖం ఉంది, గంప లేదు. గంపను చెరిపేసి, నొప్పి భరించలేక ఏడుస్తున్న ముసలామెగా నిలబెట్టారు. అప్పటి నుంచి ఆమె బస్టాండులో దిగడం మానేసింది. ముందు స్టేజీలో దిగి, అరమైలు నడిచి ఇంటికి వచ్చేది. కొడుకు తిరిగివచ్చాడని కార్చిన కన్నీరును నూనె అమ్మడానికి వాడుకున్నారని ఆమె నోటితో అనలేదు, కానీ ఆ తర్వాతి జాతరకు రానన్నది.

తెవికీ పాఠకుడు:
అక్కా, చాలా బాధాకరం. కానీ ఒక స్పష్టత అవసరం. ఆ లైసెన్సు ఫొటోగ్రాఫరు తన కాపీరైటు మేరకు మాత్రమే అనుమతి ఇస్తున్నట్లు చెబుతుంది, ఫొటోలోని మనిషికి ఉండే హక్కులను అది ఎవరికీ ఇవ్వదు. గుర్తుపట్టగల మనుషులున్న ఫొటోల కింద కామన్స్‌లో ఆ హెచ్చరిక కూడా పెడతారు. కాబట్టి తప్పు నూనె కంపెనీదే గాని లైసెన్సుది కాదు.

నర్సంపేట స్టూడియో:
నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే. ఆ ఫొటో నడుమ ముద్ర ఉండి ఉంటే కంపెనీవాడు దాన్ని ముట్టుకునేవాడే కాదు.

తాడ్వాయి బిడ్డ:
అన్నా, మా అమ్మ ముఖం మీద ఎవరి పేరు రాయాలన్నది నా ప్రశ్న కాదు. తీసినాయన మంచివాడే. నేను ఫోన్ చేస్తే క్షమాపణ చెప్పి ఆ రాత్రే తీసేశాడు. అయినా ఫ్లెక్సీ ఆరు నెలలు అలాగే ఉంది. మా అమ్మకు చెందినదాన్ని ఆమెను అడగకుండా లోకానికి దానం చేసే అధికారం ఆయనకు ఎవరిచ్చారని నేను అడుగుతున్నాను. మీరిద్దరూ దీనికి తప్ప అన్నింటికీ జవాబు చెబుతున్నారు.

హన్మకొండ బాటసారి:
అమ్మా, నీ బాధ అర్థమవుతున్నది. అయితే జాతర బహిరంగంగా జరిగే వేడుక. లక్షల మంది కదులుతున్న చోట ప్రతి ఒక్కరినీ ఆపి అనుమతి అడగడం ఎవరికి సాధ్యం? అలా అడిగితేనే తీయాలంటే రేపటి తరానికి జాతర బొమ్మ ఒక్కటి కూడా మిగలదు. నా కల్యాణ మండపం ఫొటోల సంగతి చెప్పాను కదా, ఆనాడు తీసి ఉంచకపోతే ఏమయ్యేదో ఆలోచించు.

తాడ్వాయి బిడ్డ:
సార్, మండపం రాయి. మా అమ్మ రాయి కాదు. మీ నాలుగు వేలలో మా మేడారంవి ఎన్ని? అందులో ఉన్నవాళ్లలో ఒక్కరి పేరైనా మీకు తెలుసా?

కాజీపేట జంక్షన్:
అక్కా, సార్ మంచి ఉద్దేశంతో మొదలుపెట్టారు, ఆయనను బోనులో నిలబెట్టకండి.

పరకాల న్యాయవాది:
ఆమె అడిగినదానికి చట్టంలో ఆధారం ఉంది. ఒక వ్యక్తి పేరును గాని రూపాన్ని గాని అనుమతి లేకుండా ప్రకటనలకు వాడటం వ్యక్తిగత గోప్యతకు భంగమని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

నర్సంపేట స్టూడియో:
చెల్లె, నువ్వు అడిగిన తర్వాత రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను. మా నాన్న కూడా ఫొటోగ్రాఫరే. నేను చిన్నగా ఉన్నప్పుడు, ఇంటి వెనుక గదిలో ఎర్ర బల్బు కింద ఆయన ప్రింట్లు కడుగుతుంటే తీగ మీద ఆరేసేవాణ్ని. ఆయన రామప్ప గోపురాన్ని తీసిన ఫొటో ఒకటి ఒక కరపత్రంలో పేరు లేకుండా అచ్చయింది. ఆ తర్వాత ఎన్నో చోట్ల అచ్చయింది, ఇప్పుడు నెట్‌లో తీసినవారు తెలియదన్న మాటతో తిరుగుతున్నది. నెగెటివ్ నా బీరువాలో ఉంది. క్యాలెండరు డబ్బు గురించి గట్టిగా మాట్లాడాను గాని, నా కడుపులో మంట ఆ డబ్బుది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆ ఫొటో కింద ఆయన పేరు చూడాలని నాకు ఉంది.

మరొక మాట. ఆయన జాతరకు వెళ్తే ముందు మనిషిని పలకరించి, ఊరు పేరు నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాతే తీసేవాడు. ప్రింటును కవరులో పెట్టి పోస్టులో పంపేవాడు. ఆ నోటుబుక్కు కూడా నా దగ్గరే ఉంది. నేను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరికీ అలా పంపలేదు.

హన్మకొండ బాటసారి:
నిన్నంతా కంప్యూటరు ముందు కూర్చుని లెక్కపెట్టాను. మేడారంలో తీసినవి 612 ఉన్నాయి. దూరం నుంచి తీసిన జనసందోహం, గద్దెలు, ఎడ్లబండ్లు పక్కన పెడితే, మనిషిని గుర్తుపట్టగలిగేంత దగ్గరగా తీసినవి 340. అమ్మా, వాటిలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. వాగు ఒడ్డున తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్లవి కూడా కొన్ని ఉన్నాయి. వెలుగు బాగుందని తీశాను, తీసేటప్పుడు మరొక ఆలోచన రాలేదు. వాటిని చెరిపేశాను. మిగిలిన ముఖాల ఫొటోలు కామన్స్‌లో పెట్టను. గుళ్లు, కోట, చెరువులు, శిల్పాలు మాత్రం మొదట అనుకున్నట్లే పెడతాను.

తమ్ముడూ, ముద్ర మాత్రం వేయను. మీ నాన్నగారి ఫొటో విషయంలో వేరే దారి ఉంది. నెగెటివ్ నీ దగ్గర ఉంది కాబట్టి, మంచి స్కాన్ చేయించి, ఆయన పేరుతో, తీసిన ఏడాదితో నువ్వే పెట్టవచ్చు. అప్పుడు వెతికినవారికి ముందు ఆ పేరే దొరుకుతుంది. కామన్స్‌లో పెట్టే పద్ధతి నాకు కూడా కొత్తే, ఇద్దరం కలిసి నేర్చుకుందాం.

నర్సంపేట స్టూడియో:
స్కాన్ చేయిస్తాను సార్. కానీ నడుమ ముద్ర లేకుండా పెట్టడానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. ఇంట్లో అమ్మను అడిగి చెబుతాను.

తాడ్వాయి బిడ్డ:
సార్, మిగిలిన ముఖాలను కూడా చెరిపేయకండి. జాతర ఫొటోలు ఉండకూడదని నేను అనలేదు. 2022లో గద్దెల దారిలో తీసినవి ఉంటే ఒకసారి తాడ్వాయికి తీసుకురండి. మా ఊరివాళ్లు, చుట్టుపక్కల గూడేలవాళ్లు ఉంటే నేను పేర్లు చెప్పగలను, వాళ్ల ఇళ్లకు కూడా తీసుకెళ్తాను. మా అమ్మ గంపతో ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. మీరు తీసినవాటిలో ఎక్కడైనా ఉందేమో ముందు అది చూడాలి. ఎర్ర అంచు పచ్చ చీర, కుడి చేతికి రెండు వెండి కడియాలు.

హన్మకొండ బాటసారి:
ఆదివారం మొదటి బస్సుకు వస్తాను అమ్మా. ప్రింట్లు తీయించి తెస్తాను.