"చెయ్యి తిరగడం" అంటే ఎటు తిరగడం?

ఫిడేలు మాస్టారు:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఇరవై రెండేళ్లుగా ఫిడేలు వాయిస్తున్నాను, పిల్లలకు పాఠాలూ చెబుతాను. పోయిన శ్రావణంలో వీణ మొదలుపెట్టాను. ఒంటిమాను పనస కర్రతో చేసిన బొబ్బిలి వీణ. మొదటి రోజే మా టీచరుగారు నా ఎడమ చేతివంక చూసి, "చెయ్యి తిరిగినవారు కదా, అదే మన ఇబ్బంది" అన్నారు. నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. కళ్ళు తిరిగితే పడిపోతాం, తల తిరిగితే కూలబడతాం. చెయ్యి తిరిగితే మాత్రం మెచ్చుకుంటారు. చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన రచయిత. ఈ తిరగడం ఎటు?

తెలుగు పంతులు:
మాస్టారూ, దీన్ని కళ్ళ పక్కన కాదు, నోటి పక్కన పెట్టి చూడండి. నోరు తిరగని పేరు అంటాం కదా. అక్కడ తిరగడమంటే తడబడకుండా కదలడం. పిల్లల చేత పలక మీద అక్షరాలు దిద్దించేదీ చెయ్యి తిరగాలనే. కళ్ళు తిరగడం గుండ్రంగా తిరగడం. చెయ్యి తిరగడం ఊళ్ళో తిరగడం లాంటిదని నా ఊహ. రోజూ తిరిగే వీధుల్లో కళ్ళు మూసుకున్నా నడిచిపోతాం.

వంటింటి వైపు నుంచి:
చేతివాటం అన్నా ఇదేనా పంతులుగారూ?

తెలుగు పంతులు:
కాదమ్మా. వాటం అంటే పుట్టుకతో వచ్చిన తీరు, ఎడమచేతి వాటం లాగ. చెయ్యి తిరగడం సాధనతో వచ్చేది. పైగా "చేతివాటం చూపించాడు" అంటే జేబు తడుముకోవాల్సిన పరిస్థితి.

ఫిడేలు మాస్టారు:
ఊళ్ళో తిరగడం అన్నారు చూడండి, సరిగ్గా నా బాధ అదే. ఫిడేలు తీగల్ని సన్నదాని నుంచి లెక్కపెడితే ప, స, ప, స. వీణలో వాయించే నాలుగు తీగలు, సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. సన్నదాని నుంచి స, ప, స, ప. స్వరాలు అవే, ఊరు అదే, ఇళ్ళు మాత్రం ఒక గడప జరిగాయి. వేలు పాత గడపే తొక్కుతోంది.

ఫిడేలుకు మెట్లు, అంటే స్వరం చోటు చూపే అడ్డపట్టీలు, ఉండవు, స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. వీణకు మైనంలో నిలబెట్టిన 24 మెట్లున్నాయి కదా, ఇది తేలికే అనుకున్నా. మెట్టు మీద స్వరం వెంటనే పలికింది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, మాత్రం కుదరలేదు. రి మెట్టు మీదే నొక్కిపట్టి, తీగను పక్కకు లాగి గాంధారం తేవాలి. నా వేలు మాత్రం బుద్ధిగా జారుకుంటూ గ మెట్టు మీదికి పోతుంది, ఇరవై రెండేళ్లు అదే కదా చేసింది! పైగా ఎడమచేతిలో పని చూపుడు వేలికీ నడిమి వేలికే. మిగతా రెండూ ఏం చెయ్యాలో తెలియక గాల్లో ఆడుతుంటాయి. కుడిచెయ్యేమో ఫిడేలు తీగల మీద లాగే కమాను కోసం చూస్తుంది.

వీణ నేర్చుకుంటున్న అమ్మాయి:
మాస్టారూ, నేను మీకంటే ఏడాది ముందు మొదలుపెట్టాను, అదీ సున్నా నుంచి. నాకైతే మీరంటే కుళ్ళు. శ్రుతి చెయ్యడానికే నాకు అరగంట పడుతుంది.

ఫిడేలు మాస్టారు:
కుళ్ళుకోకండమ్మా. మీరు వాయించే తప్పుల్లో సగం మీకు వినపడవు. నావి నాకు అన్నీ వినపడతాయి. పంతులుగారూ, చెవి తిరగడం అనే మాట ఉందా?

తెలుగు పంతులు:
నేను వినలేదు. కదిలేవాటికే ఆ మాట. ఇంకోటి. నోరు ఏ పేరు దగ్గర తిరగలేదో చెబుతాం గానీ, చెయ్యి ఎందులో తిరిగిందో చెప్పం, పక్కనున్న "వంటవాడు" చెబుతాడు. మీ విషయంలో ఆ పక్కమాట మారింది.

పాత పుస్తకాల పిచ్చి:
బాలుస్వామి దీక్షితులు గుర్తొచ్చారు. అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు వైణికులు, అంటే వీణ వాయించేవారు. బాలుస్వామి మద్రాసు దగ్గర మణలిలో ఉండగా తెల్లదొర దగ్గర ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చారంటారు. మీదేమో ఫిడేలు నుంచి వీణకు ప్రయాణం. మనవాళ్ళు ఆ ఫిడేలును అలాగే ఉంచలేదు. కింద కూర్చుని, ఫిడేలు తల పాదం మీద ఆనించి, శ్రుతి కూడా మార్చి మనవైపు తిప్పుకున్నారు.

ఒక సభ్యుడు:
ఫిడేలు ఏమిటండీ, వాయులీనం అనండి.

ఫిడేలు మాస్టారు:
రేడియోలో అనేవారు, వినడానికి బాగుంటుంది. మా ఇంట్లో వాయులీనం అంటే ఎవరూ తెచ్చి ఇవ్వరు.

మొత్తానికి మొన్న టీచరుగారిని ఎప్పటికి తిరుగుతుందని అడిగాను. "రోజూ ముందు వీణ, తర్వాతే ఫిడేలు" అన్నారు. పది రోజులుగా అలాగే చేస్తున్నా. నిన్న సాయంత్రం పాఠం చెబుతూ తోడి రాగంలో గాంధారం దగ్గర ఫిడేలు తీగను పక్కకు లాగబోయాను. ఎదురుగా శిష్యురాలు కమాను ఆపి, "మాస్టారూ, ఇది కొత్త గమకమా?" అంది.